అమ్మమ్మ కరాటే సాక్ష్యం

నిన్న మధ్యాహ్నం మా కోడలు పసిబిడ్డను ఒళ్ళో వేసుకుని, వాడు లేస్తాడని సెల్‌ఫోనులో సౌండు తీసేసి ఏదో కొట్లాట సినిమా చూస్తోంది. నేను పక్కనే కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్నాను. గుండు చేయించుకున్న వాడొకడు గాల్లోకి లేచాడు. పదిమంది కింద పడ్డారు.

"మాట వినపడకుండా నీకేం అర్థమవుతుందమ్మా?" అన్నాను.

"ఇందులో మాటలతో పనేముంది అత్తయ్యా?" అంది, ఫోన్లోంచి కళ్ళు తీయకుండానే.

ఆ మాటకి నా చెయ్యి ఆగిపోయింది. ఎప్పటి సంగతో మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. నాకు రాయడం రాదు. సంతకం పెడతాను, బస్సు మీద బోర్డు కూడబలుక్కుంటాను, అంతే. అందుకని నేను చెబుతుంటే కోడలే రాస్తోంది. తప్పులుంటే తనవి, అబద్ధాలుంటే నావి.

మాది పామర్రు దగ్గర ఒక ఊరు. ఊరి చివర కాలవ, కాలవ గట్టున మా పేట, పేట మధ్యలో పెంకుల చర్చి. అమ్మా నాన్నా పొలం పనులకి పోయేవాళ్ళు. నన్ను పెంచింది అమ్మమ్మ. ఆవిడకి ఇద్దరూ ఆడపిల్లలే. తాతయ్య పోయాక పెద్దకూతురి దగ్గర, అంటే మా ఇంట్లోనే ఉండేది. నేను మూడో తరగతి మధ్యలో బడి మానేసి అమ్మమ్మ వెంట గడ్డి కోతకీ మినుము పీకడానికీ తిరిగేదాన్ని. ఆవిడ పక్కన పడుకుంటే చుట్ట పొగాకు వాసన, ఆముదం వాసన, పచ్చి మినుపకట్ట వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా చుట్ట కాలిందంటే నాకు నిద్ర ముంచుకొస్తుంది.

అమ్మమ్మది మా పేటలో పేరున్న గొంతు. ఆవిడ కీర్తన ఎత్తుకుంటే కాలవ అవతల చేలో వంగున్నవాళ్ళు కూడా నడుం ఎత్తి వినేవాళ్ళు. నాకు ఏడేళ్ళప్పుడు ఆవిడకి విషజ్వరం వచ్చింది. నెల తిరిగేసరికి జ్వరం పోయింది గాని, పోతూ పోతూ రెండు చెవులూ పట్టుకుపోయింది. పక్కన టపాకాయ పేలినా తెలిసేది కాదు.

ఒక ఆదివారం చర్చిలో అందరూ తలలు వంచుకుని మౌనంగా ప్రార్థన చేసుకుంటుంటే, పాట మొదలైందనుకుని ఆవిడ కీర్తన ఎత్తుకుంది. ఎంత గట్టిగా పాడుతోందో తనకే తెలియదు గదా. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ వెనక్కి తిరిగి మా మొహాలు చూసి, నోరు మూసుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి పాట లేదు, సాక్ష్యం కూడా లేదు. సాక్ష్యం అంటే, మా చర్చిలో ప్రసంగానికి ముందు ఎవరైనా లేచి ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు పదిమందికీ చెప్పుకోవడం. ఒకరు గేదె సుఖంగా ఈనిందని చెప్పేవాళ్ళు, ఒకరు తేలు కుట్టినా బతికానని చెప్పేవాళ్ళు. అమ్మమ్మ మాత్రం ముందు వరసలో కూర్చుని, అందరూ లేస్తే లేచేది, అందరూ కూర్చుంటే కూర్చునేది.

ఆవిడకి మిగిలింది ప్రభువు బల్ల ఒక్కటే. నెలకో ఆదివారం మా అయ్యగారు, అంటే పాదిరిగారు, ఇచ్చే రొట్టె ముక్క, ఒక్క గుక్క ద్రాక్షరసం. "నాలిక్కి చెవులక్కర్లేదే" అనేది నాతో. ముందు రోజు పచ్చి గంగ ముట్టేది కాదు. తెల్లచీరకి గంజి పెట్టి, ఇస్త్రీ ఎక్కడిది, మడత పెట్టి పరుపు కింద వేసుకుని దాని మీదే పడుకునేది. బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి ఒక్క బల్ల కూడా తప్పలేదు ఆవిడకి. అలాంటిది, నా మూలంగా ఆ బల్లే పోయేంత పనయింది.

అవి శ్రమదినాలు. ఈస్టరుకు ముందు నలభై రోజులు మేం మాంసం ముట్టం, తలలో పూలు పెట్టుకోం. ఇక సినిమా అంటారా, అది ఏడాది పొడుగునా పాపమే. మా సంఘపెద్ద పొడుగాటి మనిషి, చంకలో ఎప్పుడూ గొడుగు. ఎవరైనా సినిమాకి పోయారని చెవిన పడిందా, పాదిరిగారి దగ్గర కూర్చుని వాళ్ళకి బల్ల ఆపించే దాకా లేచేవాడు కాదు. మా నాన్న స్నేహితుడికి ఒకాయనకి అలాగే మూడు నెలలు ఆపించాడు. అందరూ వెళ్ళి రొట్టె తీసుకుంటుంటే ఆ మనిషి వెనక తలుపు దగ్గర గోడవైపు తిరిగి నిలబడేవాడు.

అలాంటి రోజుల్లో బెజవాడ నుంచి మా పిన్ని కబురు పంపింది. పెద్దాసుపత్రికి చెవుల డాక్టరు కొత్తగా వచ్చాడట, అమ్మమ్మని ఒకసారి తీసుకురమ్మని. అమ్మకి పని ఉంది. నన్ను తోడు పంపింది. పిన్నికి కొత్త మినుములు, ఎండు రొయ్యలు, రెండు గోంగూర కట్టలు బుట్టలో పెట్టుకుని బయల్దేరాం. ఉయ్యూరు దాటుతుంటే చక్కెర ఫ్యాక్టరీ నుంచి మడ్డి బెల్లం వాసన బస్సులోకి కొట్టింది. దానికి మా ఎండు రొయ్యలు తోడయ్యాయి.

"ఎవరిదమ్మా ఆ బుట్ట? బస్సంతా కంపు లేచిపోతోంది!" అని కండక్టరు అరిచాడు.

ఎక్కడికని అడుగుతున్నాడనుకుని అమ్మమ్మ నవ్వుతూ చెప్పింది: "చెవులు బాగుచేయించుకోడానికి నాయనా. వచ్చేటప్పుడు నీ మాట కూడా వింటాను."

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, బుట్ట కాలితో సీటు కిందకి తోసి వెళ్ళిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరుగారు ఇనపకడ్డీ ఒకటి బల్లకేసి కొట్టి అమ్మమ్మ చెవి దగ్గర పెట్టాడు. ఆ చెవి, ఈ చెవి. నాకైతే అది జుయ్యిమని వినపడింది. అమ్మమ్మ ఆయన మొహం వంకే చూస్తోంది. "నరం ఎండిపోయిందమ్మా, ఇక రాదు" అన్నాడు నాతో. పదమూడేళ్ళ దాన్ని, ఆ మాట ఎలా చెప్పను? చెయ్యి అటూ ఇటూ ఊపాను. అమ్మమ్మ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "సరే పద, ఆకలేస్తోంది" అని లేచింది.

పిన్నిది రైలు కట్ట పక్కన సందులో ఒక గది ఇల్లు. బాబాయి సినిమా హాలు గేటు దగ్గర టిక్కెట్లు చింపే పని చేసేవాడు. అప్పుడు ఆ హాల్లో కరాటే సినిమా ఒకటి ఆడుతోంది. ఎక్కడో హాంకాంగులో తీసిందట. మూడు వారాల నుంచి జనం విరగబడుతున్నారు. సందులో ఎవర్ని చూసినా పంచె ఎగ్గట్టి కాలు గాల్లోకి విసరడమే. చీరలు ఆరేసుకునే తాళ్ళు ఎన్ని తెగాయో. మా బాబాయి రోజుకి నాలుగు ఆటలూ చూసి చూసి మొత్తం బట్టీ పట్టేశాడు. అన్నం వడ్డించేలోగా అప్పడాల కర్ర తీసుకుని మొదలుపెట్టాడు.

"ఇట్టా వచ్చాడా ఒకడు... హూఁ! ఇట్టా వంగాడు మనోడు. ఆఁ! ఇంకోడు వెనకనించి..."

"కంచాల్లో దుమ్ము పడిద్ది, ఆ ఎగురుళ్ళు ఆపి కూర్చో" అంది పిన్ని. "అమ్మ ఏవనుకుంటది?"

అమ్మమ్మ కళ్ళార్పకుండా అల్లుణ్ణి చూస్తోంది. "ఏమైందే ఈయనకి? పూనకమా?" అంది. చెప్పేలోగా తనే పకపకా నవ్వింది. ఆవిడ నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో. డాక్టరు ఆ మాట చెప్పింది ఆ పూటే.

నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు సాయంత్రం మా బస్సు. పొద్దుటాటకి తీసుకెళ్తానని బాబాయి నాకు మాటిచ్చాడు. పిన్నేమో మార్కెట్టు పనికి పోవాలి. "చెవులు వినపడని మనిషిని ఒక్కదాన్నే ఇంట్లో పెట్టి గడియ పెట్టిపోతానా? పోతే నువ్వూ అమ్మమ్మా కలిసి పోండి, లేదంటే మానండి" అంది. అమ్మమ్మ సినిమా హాలు గడప తొక్కదు. నేను సినిమా వదులుకోను.

అప్పుడు నాకు పాడుబుద్ధి పుట్టింది. అంతకు రెండేళ్ళ ముందు మిషను వాళ్ళు వ్యానులో వచ్చి, మా చర్చి ముందు తెల్లగుడ్డ కట్టి ఏసుప్రభువు సినిమా వేశారు. అమ్మమ్మ అది చూసి ఏడ్చింది. దేవుడి సినిమా అయితే వస్తుంది గదా. ఆవిడ ముందు నిలబడి రెండు చేతులూ తల మీద గాడిద చెవుల్లా పెట్టాను. తర్వాత నా దవడ పట్టుకుని చూపించాను. తర్వాత చేతిలో ఎముక ఉన్నట్టు గాల్లో నలుగుర్ని బాదాను.

"సమ్సోనా?" అంది అమ్మమ్మ. గాడిద దవడ ఎముకతో వెయ్యిమందిని చంపిన బైబిలు వీరుడు.

తల ఊపాను.

"మిషను వాళ్ళు వేస్తున్నారా?"

ఇంకా గట్టిగా ఊపాను. తలుపు దగ్గర పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓసి నీ దుంప తెగ! దేవుడి పేరు పెట్టి అబద్ధమాడతావంటే? కళ్ళు పోతాయి" అని గొణిగింది గాని, అడ్డం చెప్పలేదు.

హాల్లో ఆడవాళ్ళ వైపు బెంచీలు, మగవాళ్ళ వైపు నేల. మధ్యలో నడుమెత్తు గోడ. అటు పక్క ఇసుక వేస్తే రాలనంత జనం. ఇటు పక్క మేమిద్దరం, చంటిబిడ్డకి పాలిస్తున్న ఒకామె, అంతే. బీడీ పొగ, నారింజ తొక్కలు, చెమట వాసన. దీపాలార్పగానే అమ్మమ్మ కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఆవిడ "ఆమెన్" అనేసరికి తెర మీద ఒకడు ఇంకొకడి పళ్ళు రాలగొట్టాడు.

ఆ సినిమా కథ చెప్పమంటే ఇప్పటికీ చెబుతాను. ఒక ముసలి గురువు. ఆయనకి శిష్యుడు, మంచివాడు, పేదవాడు. ఊళ్ళోకి ఒక దుర్మార్గుడు వస్తాడు. వాడికి సన్నటి మీసం, వాడు నవ్వాడంటే ఎవరో చస్తారు. గురువుని చంపేస్తాడు. శిష్యుడు పోయి తన్నులు తింటాడు. కొండ మీదికి పోయి నీళ్ళు మోస్తాడు, ఇసుకలో చేతులు పొడుస్తాడు, దుంగలు తంతాడు. తిరిగొచ్చి అందర్నీ తంతాడు. తర్వాత నేను చూసిన కరాటే సినిమాలన్నీ ఇవే. మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఏ కరాటే సినిమా వచ్చినా నన్ను తీసుకెళ్ళాడు, ఒక్కదాంట్లో అయినా గురువు బతికితే ఒట్టు. అయినా ప్రతిసారీ ఏడ్చాను, ప్రతిసారీ చప్పట్లు కొట్టాను. ఏం జరుగుతుందో ముందే తెలిసి, అదే జరుగుతుంటే ఎంత హాయిగా ఉంటుందో! బయట బతుకులో అలా ఎక్కడ జరుగుతుంది?

ఇంకో తమాషా. ఇరవైమంది రౌడీలు చుట్టూ ఉంటారా, ఒక్కడు కూడా తోసుకురాడు. రేషను షాపు దగ్గర క్యూలో నిలబడ్డట్టు ఒకడి తర్వాత ఒకడు, వంతు వచ్చాక వచ్చి, తన్నులు తిని పడిపోతాడు. అంత మర్యాద తెలిసిన రౌడీలని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

వాళ్ళ భాష వేరేదట. దాని మీద ఇంగ్లీషు అతికించారు. పెదాలు ఆగిపోయాక కూడా మాట వస్తూనే ఉండేది. ఆ ఇంగ్లీషు ఆ హాల్లో ఎవరికొచ్చు? రిక్షా తొక్కేవాడికీ రాదు, ప్యాంటు వేసుకున్నవాడికీ రాదు. వచ్చినా ఆ ఈలల్లో ఏం వినపడుతుంది? నాకు అక్కడే తట్టింది. మూడో తరగతి మానేసిన నేనూ, చదువుకున్నవాళ్ళూ ఇక్కడ ఒకటే. చెవుల్లేని అమ్మమ్మా, చెవులున్నవాళ్ళూ ఒకటే. ఆరేళ్ళ తర్వాత అందరికీ తెలిసింది ఆవిడకీ తెలుస్తోంది. అందరూ ఉలిక్కిపడినప్పుడే ఉలిక్కిపడుతోంది. పక్కవాళ్ళని చూసి కాదు, తెరని చూసి.

సన్నమీసం వాడు కత్తి దాచుకుని వెనకనించి వస్తున్నాడు. అమ్మమ్మ బెంచీ మీదనించి లేచి నిలబడింది.

"వెనకాల నాయనా! వెనకాల చూసుకో! కత్తుంది వాడి దగ్గర!"

ఆ గొంతు! కాలవ దాటే గొంతు. హాలు మొత్తం వినపడింది. నాకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది, ఇప్పుడు నవ్వుతారని. గోడ అవతల నేల మీంచి ఎవరో అరిచారు: "చెప్పు మామ్మా, ఇంకా గట్టిగా చెప్పు!" ఇంకొకడు, "మామ్మ చెప్పినా వినడేంట్రా ఎదవ!" అన్నాడు. తెర మీద శిష్యుడు గిరుక్కున తిరిగి కత్తి ఎగరగొట్టాడు. హాలంతా కేకలు. అమ్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, తనే కాపాడినట్టు కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చెమట పట్టి, వేడిగా ఉంది.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పమని పాదిరిగారు అడిగారు. అమ్మమ్మ ముందు వరసలో లేచింది. అందరూ లేస్తున్నారని పొరబడిందేమోనని అమ్మ కొంగు పట్టుకుని లాగింది. ఆవిడ విడిపించుకుంది.

"దేవుడికి స్తోత్రం" అంది. ఆరేళ్ళ తర్వాత ఆ గొంతు చర్చి పెంకులకి తగిలింది. "బెజవాడలో నా చెవులు రావని చెప్పారు. అయినా స్తోత్రం. ఎందుకంటే మర్నాడు సమ్సోను సినిమా చూశాను."

ఈవిడ చూశానని చెప్పుకుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. అమ్మమ్మ చేతుల్తో, కాళ్ళతో, మొహంతో చెప్పుకుపోతోంది. గురువు ఎలా పడిపోయాడో పడి చూపించింది. కొండ మీద నీళ్ళు మోసింది. పిల్లలు బెంచీలెక్కి చూస్తున్నారు. ముసలాళ్ళు "ఆహా" అంటున్నారు.

"అప్పుడు ఆ సన్నమీసం వాడు కర్ర తీసుకున్నాడు..."

సంఘపెద్ద లేచాడు. "అయ్యగారూ, ఆపించండి! సమ్సోనూ కాదు పాడూ కాదు. అది కరాటే సినిమా!"

అమ్మమ్మకి వినపడదు గదా. "ఆ కర్ర తీసుకుని ఈ పిల్లాడి వీపు మీద ఫాట్‌మని..."

"వీపు మీద కాదమ్మా, మోకాలి మీద! కర్ర విరిగాక గదా వాడు గొలుసు తీసింది!"

బెంచీల మీది పిల్లలందరూ సంఘపెద్ద వంక తిరిగారు. ఆడవాళ్ళ వైపునించి సంఘపెద్ద భార్య మెల్లిగా తల తిప్పింది.

"ఏమండీ, మొన్న మీరు బెజవాడ పోయింది ఎరువుల కోసం గదా?"

పాదిరిగారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గారు. తర్వాత కీర్తన పాడదాం లేవమన్నారు. అందరూ లేవడం చూసి అమ్మమ్మ సినిమా మధ్యలోనే ఆపేసింది.

ఆరాధన అయ్యాక మమ్మల్ని పాదిరిగారి ఇంటి వరండాలోకి పిలిపించారు. అమ్మ, అమ్మమ్మ, నేను ఒక పక్క. గొడుగు రెండు చేతుల్తో పట్టుకుని సంఘపెద్ద ఒక పక్క. ఆయన మొహం కందగడ్డలా ఉంది.

"నేను పోస్టరు చూశానండి" అన్నాడు.

"కర్ర విరగడం పోస్టర్లో ఉంటుందా?" అన్నారు పాదిరిగారు మెత్తగా.

"నా సంగతి తర్వాత చూద్దురుగాని. శ్రమదినాల్లో సినిమా చూసి, చర్చిలో లేచి చెబుతుందాండీ? రేపు పేటంతా పోతారు. తెలియక పోయినా పోయినట్టే. ఈస్టరు బల్ల ఆపాల్సిందే."

అమ్మమ్మ అందరి పెదాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆవిడకి "బల్ల" అన్న మాట పెదాలు చూసి పోల్చుకోవడం తెలుసు. పరుపు కింద తెల్లచీర మడత అప్పుడే పెట్టి ఉంది.

"తెలియకుండా వెళ్ళినవాళ్ళకి నేను ఆపను" అన్నారు పాదిరిగారు. "తెలిసి వెళ్ళినవాళ్ళు ఎవరో చెయ్యెత్తండి."

ఆ ఈస్టరుకే నన్ను మొదటిసారి బల్లలోకి తీసుకోవాలి. పోతే పోయిందనుకుని చెయ్యెత్తాను. "అమ్మమ్మకి తెలియదండి. నేనే సమ్సోనని అబద్ధం చెప్పానండి." మాట పూర్తి కాకముందే అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది.

నా పక్కన అమ్మమ్మ చెయ్యెత్తింది.

"అయ్యో, పిల్లని చూసి ఎత్తిందండీ. చర్చిలో కూడా అంతే గదండీ, అందరూ ఏం చేస్తే అదే చేసిద్ది" అని అమ్మ ఆ చెయ్యి కిందకి దించింది.

అమ్మమ్మ మళ్ళీ ఎత్తింది. ఈసారి అమ్మ లాగినా రాలేదు.

కాసేపటికి సంఘపెద్ద గొడుగు చంకలోకి మార్చుకుని, చెవి గోక్కుంటున్నట్టుగా ఆ చెయ్యి చెవి దాకా తెచ్చి, అక్కణ్ణించి ఇంకో జానెడు పైకి లేపాడు.

పాదిరిగారు మూడు చేతులూ చూశారు. "తప్పు ఒప్పుకున్నవాళ్ళకి ఇవ్వకపోతే ఆ రొట్టె ఇంకెవరికి ఇవ్వనయ్యా?" అన్నారు. "ముగ్గురూ రండి ఈస్టరుకి."

కాలవ గట్టు మీద ఇంటికి నడుస్తుంటే అమ్మ కోపంగా ముందుకి వెళ్ళిపోయింది. అమ్మమ్మ నా భుజం మీద చెయ్యి వేసుకుని నడుస్తోంది. ఎందుకు చెయ్యెత్తావని సైగ చేసి అడిగాను.

"నాకు తెలుసే" అంది.

నేను ఆగిపోయాను.

"సమ్సోను చివరికి చచ్చిపోతాడు గదా. ఈ పిల్లాడు బట్టలు దులుపుకుని ఇంటికి పోయాడు. అప్పుడే అనుకున్నా, ఇది బైబిలు కాదని."

మరి చర్చిలో ఎందుకు చెప్పావని మళ్ళీ చేతులు ఊపాను.

"అంత సంతోషం కలిగితే చెప్పుకోకుండా ఎట్టా ఉంటానే? ఆరేళ్ళయింది సాక్ష్యం చెప్పి. ఉత్త కొట్లాట సినిమా అని చెబితే నీకు తన్నులు. అందుకని నువ్వు పెట్టిన పేరే చెప్పా." నాలుగడుగులు వేసి, "అబద్ధం నోట్లో పెట్టుకుని రొట్టె తీసుకోకూడదు. అందుకని చెయ్యెత్తా" అంది.

ఈస్టరు ఆదివారం అమ్మమ్మ గంజి చీరలో గరగరమంటూ ముందుకి వెళ్ళింది, వెనకాల నేను. ద్రాక్షరసం గిన్నె పట్టుకుంది సంఘపెద్దే. తల వంచుకుని గిన్నె అమ్మమ్మ నోటి దగ్గర పెట్టాడు. అమ్మమ్మ ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుంది. నేను తాగాను. పుల్లగా, వేడిగా ఉంది. ఏదో పెద్దదాన్ని అయిపోయాననుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆయన మా ఇంటికొచ్చాడు. కోడి కూర వండుకున్నాం, నలభై రోజుల తర్వాత. ఇల్లంతా మసాలా వాసన. కూర్చోమంటే అరుగు అంచున కూర్చుని, గొడుగు మొనతో నేల గీస్తూ చాలాసేపు ఎండల గురించీ కాలవ నీళ్ళ గురించీ మాట్లాడాడు. చివరికి నన్ను దగ్గరికి పిలిచాడు.

"మీ అమ్మమ్మని ఒక మాట అడగమ్మా. నేను ఆ రోజు బస్సు పోయిద్దని, ఎవరన్నా చూస్తారేమోనని, అయ్యేలోగా లేచొచ్చా. గొలుసు తీసినదాకే చూశా. తర్వాత ఏమైంది?"

నేను అమ్మమ్మ వైపు తిరిగి గొలుసు తిప్పినట్టు చేసి, తర్వాతేంటని చేతులు చాపాను. ఆవిడ ఆయన మొహం చూసింది. తినే కంచం పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, కొంగు నడుముకి దోపి, ఎండలో వాకిట్లోకి దిగింది. గొలుసు ఇలా తిరిగిందని చెప్పింది. ఆ పిల్లాడు దాని కింద నుంచి ఎలా దూకాడో చెప్పింది. సన్నమీసం వాడు గోడకి గుద్దుకుని జారిపోయింది, పిల్లాడు గురువు సమాధి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నది, తర్వాత లేచి ఇంటికి నడిచింది, అన్నీ చేసి చూపించింది. అరుగు మీద ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పక్కిళ్ళవాళ్ళు దడి మీంచి చూస్తున్నారు.

"ఇంటికి పోయాడా?" అన్నాడు.

పెదాలు చూసి అమ్మమ్మ తల ఊపింది. "పోయాడు నాయనా. నడిచే పోయాడు."

ఆయన "హమ్మయ్య" అని లేచి, ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టి, గొడుగు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన సినిమా పేరు చెప్పి ఎవరికీ బల్ల ఆపించలేదు.

ఆ హాలు ఇప్పుడు లేదు. ఆ పెంకుల చర్చి కూడా లేదు, పెద్ద డాబా కట్టారు. అమ్మమ్మ, పాదిరిగారు, పిన్ని, బాబాయి, ఆ గొడుగాయన, మా ఆయన, అందరూ వెళ్ళిపోయారు. నా బతుకులో కష్టాలు చాలానే ఉన్నాయి, అవి చెప్పమంటే ఇంకో వారం పడుతుంది. అయినా ఎవరో ఊరూ పేరూ తెలియని హాంకాంగు వాళ్ళు నా కోసం ఒక మేలు చేసి పెట్టారు. మా అమ్మమ్మ అనే మనిషి ఉందని కూడా వాళ్ళకి తెలియదు. వాళ్ళ కోసం నేను ఇప్పటికీ ప్రార్థన చేస్తాను, మీరు నవ్వుకున్నా సరే.

ఆ రోజు సంఘపెద్ద వెళ్ళాక అమ్మమ్మ మళ్ళీ కంచం ముందు కూర్చుంది. అన్నం చల్లారిపోయింది. ముద్ద కలుపుకుంటూ, చేతికి అంటిన కూర చూసుకుంటూ, నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు అంది:

"చెవులు పోయాక, ఏం జరిగిందో చెప్పమని నన్ను అడిగింది ఈయనొక్కడే."